ఎదురుగాలి ఎవరి వంతు?

రోడ్డు సైకిల్ రేసులో పతకం ఒక్కరి మెడలోనే పడుతుంది. ఆ ఒక్కరినీ గీత దాటించడానికి మిగతా జట్టు ఏం చేస్తుంది? జీతం భత్యం లేని అమెచ్యూర్ రేసుల్లో ఎందుకు చేస్తుంది?

సైకిల్ రేసును మొదటిసారి చూసేవాళ్ల కళ్లు ముందున్నవాడి మీదే ఉంటాయి. యాభై మంది గుంపుగా వస్తుంటే, అందరికన్నా ముందు తల వంచుకుని తొక్కుతున్నవాడే గెలుస్తాడని అనుకుంటారు. నిజానికి ఆఖరి రెండు వందల మీటర్ల దాకా ఆ స్థానంలో ఉన్నవాడు గెలవడం అరుదు. అతను వేరొకరి కోసం అక్కడున్నాడు. గెలవబోయేవాడు బహుశా పదో స్థానంలోనో పన్నెండో స్థానంలోనో ఉంటాడు. గంటన్నరగా ఒక్కసారి కూడా గాలికి ఎదురు నిలవకుండా, ఎవరి కంటా పడకుండా, కాళ్లు దాచుకుంటూ వస్తుంటాడు.

టూర్ డి ఫ్రాన్స్ లాంటి పెద్ద రేసుల్లో ఈ ఏర్పాటుకు డబ్బు దన్నుంది. నాయకుడికి నీళ్ల సీసాలు మోసేవాడికీ, అతని ముందు గాలిని చీల్చుకుంటూ పోయేవాడికీ నెలనెలా జీతం అందుతుంది. అమెచ్యూర్ రేసులోనూ ఇదే ఏర్పాటు, జీతం తప్ప. వారమంతా ఆఫీసులో పనిచేసి, రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి సాధన చేసి, సొంత డబ్బుతో ఎంట్రీ ఫీజు కట్టి, సైకిల్ని కారు మీదికెక్కించుకుని అంత దూరం వచ్చినవాడు పక్కవాడి గెలుపు కోసం తన కాళ్లు ఖర్చు పెట్టాలి. నా దృష్టిలో ఈ ఆటలో అన్నిటికన్నా గొప్ప సంగతి అదే. అన్నిటికన్నా కష్టమైనదీ అదే.

లెక్కంతా గాలిదే

చదునైన రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఒంటరిగా తొక్కేవాడి శక్తిలో పదింట ఎనిమిది పాళ్లకు పైగా గాలిని తోసుకుంటూ పోవడానికే సరిపోతుంది. వేగం పెంచబోతే గాలి ఇంకా కఠినంగా వసూలు చేస్తుంది. కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది కాబట్టి, 40 నుంచి 44కి పోవాలంటే వేగంలో పెరుగుదల పది శాతమే అయినా గాలికి కట్టాల్సిన శక్తి మూడో వంతు పెరుగుతుంది. ఎంత బలవంతుడైనా ఒక్కడే గుంపును వదిలించుకుని పోవడం ఎందుకంత కష్టమో ఈ లెక్కే చెబుతుంది.

ముందువాడి వెనక చక్రానికి జానెడు దూరంలో తన ముందు చక్రాన్ని నిలిపి తొక్కేవాడికి అదే వేగానికి దాదాపు మూడో వంతు శక్తి ఆదా అవుతుంది. దీన్ని డ్రాఫ్టింగ్ అంటారు. రైడర్ల నోట వినిపించేది మాత్రం ‘వీల్ పట్టుకో’ అనే మాట. గుంపు పెద్దదైతే లాభం ఇంకా పెద్దది. బెల్జియం ఇంజినీరు బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో 121 మంది రైడర్ల గుంపును కంప్యూటర్ నమూనాతోనూ విండ్ టనెల్‌లోనూ పరీక్షించింది. గుంపు లోపలి, వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు తగిలే గాలి నిరోధం ఒంటరి రైడర్‌కు తగిలే దానిలో 5 నుంచి 10 శాతమేనని తేల్చింది.

అమెచ్యూర్ గుంపు అంత బిగువుగా సాగదు. ఒకడు అటూ ఇటూ ఊగుతాడు, ఇంకొకడు భయపడి రెండు సైకిళ్ల జాగా వదిలేస్తాడు. ఆదా అంత ఉండదు. పైగా వెనక ఉండటానికి వేరే ధర ఉంది. మలుపులో ముందువాళ్లు బ్రేకు మీద వేలు వేస్తే, నలభయ్యో స్థానంలో ఉన్నవాడు దాదాపు ఆగిపోయి, సీటు మీంచి లేచి, నిలబడి తొక్కి మళ్లీ గుంపును అందుకోవాలి. ఊరి వీధుల్లో కిలోమీటరు చుట్టు మీద జరిగే క్రిటీరియం రేసునే తీసుకోండి. చుట్టుకు నాలుగు మలుపులు, గంటలో నలభై చుట్లు అనుకుంటే, తోకలో ఉన్నవాడికి నూట అరవై సార్లు ఆ శిక్ష. అందుకే అనుభవజ్ఞులంతా ఒకే జాగా కోసం పోటీపడతారు. మొదటి పదిహేను మందిలో ఉండాలి, మొదటి ఇద్దరిలో ఉండకూడదు. ఆ ఇరుకులో మోచేతులు రాసుకుంటాయి, కేకలు లేస్తాయి. గుంపులో తొక్కడం రాని బలవంతుడు కాళ్లలో ఎంత సత్తా ఉన్నా అక్కడే సగం ఓడిపోతాడు.

ఎత్తు వస్తే లెక్క మారుతుంది. వేగం 15 కిలోమీటర్లకు పడిపోయినప్పుడు గాలి పాత్ర తగ్గి శరీరం బరువు ముందుకొస్తుంది. బెంగళూరు దగ్గర నంది కొండల మీదికి సుమారు ఎనిమిది కిలోమీటర్ల దారి అలాంటిది. అక్కడ ఒకరి వెనక ఒకరు దాక్కోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. జట్టు చేయగలిగిన పని కొండ మొదట్లోనే అయిపోవాలి. తమ కొండవాడిని మొదటి పది మందిలో, నీళ్లు తాగి, ఊపిరి నిలకడగా ఉన్న స్థితిలో మొదటి మలుపు దగ్గర దింపాలి. తర్వాత అతని కష్టం అతనిది.

ముందు పారిపోయినవాడు, వెనక కదలనివాళ్లు

నలుగురున్న ఒక చిన్న జట్టును ఊహించుకోండి. ఒకడు కొండలు బాగా ఎక్కుతాడు. ఒకడికి చివరి రెండు వందల మీటర్లలో ఎవరికీ లేని వేగం ఉంది. మిగిలిన ఇద్దరూ గంటల తరబడి ఒకే ఊపులో తొక్కగల మొండి మనుషులు.

రేసు మొదలైన కాసేపటికే ఎవరో ఇద్దరు ముగ్గురు గుంపును వదిలి ముందుకు దూకుతారు. దీన్ని బ్రేక్‌అవే అంటారు. మన మొండివాళ్లలో ఒకడు తప్పనిసరిగా వాళ్లతో వెళ్లాలి. వెళ్తే రెండు లాభాలు. ఆ ముందు గుంపు చివరిదాకా నిలబడితే గెలుపులో మనకూ వాటా ఉంటుంది. రెండో లాభం ఇంకా పెద్దది. వెనక గుంపులో మిగిలిన ముగ్గురికీ తరిమే బాధ్యత తప్పిపోతుంది. ‘ముందుకొచ్చి పుల్ ఇవ్వండి’ అని ఎవరైనా కేకేస్తే, ‘మావాడు ముందున్నాడన్నా, మేమెందుకు తొక్కాలి?’ అనొచ్చు. సైకిల్ రేసులో ఇది న్యాయమైన జవాబు. విన్నవాడు విసుక్కుంటాడు గానీ తప్పు పట్టడు. ఆ ముగ్గురూ నీడలో కూర్చుని కాళ్లు దాచుకుంటుంటే పక్క జట్లు తమ కాళ్లు కాల్చుకుంటాయి.

ఇంకాస్త ఆరితేరిన జట్టు నోరు మెదపదు. తరిమేవాళ్ల వరుసలో తనూ చేరుతుంది. తన వంతు రాగానే వేగాన్ని ఒక్క కిలోమీటరు తగ్గిస్తుంది, మలుపును కొంచెం జాగ్రత్తగా తిప్పుతుంది. ఎవరి దారికీ అడ్డురాదు. అడ్డొస్తే అనర్హత వేటు పడుతుంది. కానీ వరుస లయ తప్పుతుంది. లయ తప్పిన గుంపులో ఒకరినొకరు తప్పుపట్టుకోవడం మొదలవుతుంది. ఆ వాదనలో ముందువాళ్లకు ఇంకో అర నిమిషం దక్కుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చే ఎత్తు వంతులవారీ దాడి. ప్రత్యర్థి మనలో ప్రతి ఒక్కడికన్నా బలమైనవాడు అనుకుందాం. మనవాడు ఒకడు పూర్తి బలంతో ముందుకు దూకుతాడు. ప్రత్యర్థి వెంటపడి అర కిలోమీటరు కష్టపడి అందుకుంటాడు. అందుకున్న ఆ క్షణంలోనే, అతని ఊపిరి ఇంకా కుదుటపడకముందే, రెండోవాడు మరో పక్క నుంచి దూకుతాడు. తర్వాత మూడోవాడు. అతను ప్రతిసారీ బదులివ్వాలి, మనవాళ్లు మూడింటిలో రెండుసార్లు విశ్రాంతి తీసుకుంటారు. నాలుగో దాడికో ఐదో దాడికో అతని కాళ్లు ఒప్పుకోవు. అయితే ప్రతి దాడీ నిజమైనదై ఉండాలి. ఉత్తుత్తి దాడులను అనుభవమున్నవాడు రెండు నిమిషాల్లో పసిగట్టి తన చోట తాను హాయిగా కూర్చుంటాడు. కాబట్టి దూకిన ప్రతివాడూ గెలవడానికే దూకాలి, అదే సమయంలో తను దొరికిపోతే పక్కవాడు గెలవాలని కోరుకోవాలి. ఈ రెండు కోరికలూ ఒకే మనిషిలో ఇమడటం తేలికేమీ కాదు.

మనవాడితో కలిపి ముందుకు పారిపోయిన నలుగురి మధ్య నడిచేది మరో కథ. నలుగురూ వంతులవారీగా ముందు తొక్కకపోతే గుంపు వచ్చి మింగేస్తుంది. కానీ చివరి కిలోమీటరులో ఆ నలుగురూ శత్రువులే. ప్రతివాడూ తన వంతు కాస్త తక్కువ తొక్కాలని చూస్తాడు, పక్కవాడికి అనుమానం రానంత మేరకే. ‘వెనక మా స్ప్రింటర్ ఉన్నాడు, నేను తొక్కితే మా జట్టుకే నష్టం’ అని ఒకడు వంతు ఎగ్గొడతాడు. అది నిజమే కావచ్చు, కాళ్లు అయిపోయిన సంగతి దాచే సాకూ కావచ్చు. పక్కనున్నవాడి ముఖం చూసి, ఊపిరి విని, పెడల్ తిరిగే తీరు గమనించి తేల్చుకోవాలి.

ఇక చివరి కిలోమీటరు. స్ప్రింటర్ని గీత దగ్గరికి చేర్చే పనిని లీడ్-అవుట్ అంటారు. మొదటివాడు కిలోమీటరు గుర్తు నుంచి 600 మీటర్ల దాకా పూర్తి బలంతో లాగి పక్కకు తప్పుకుంటాడు. రెండోవాడు 600 నుంచి 200 దాకా. స్ప్రింటర్ అప్పటిదాకా అతని వెనక చక్రం వదలకుండా ఉండి, ఆ 200 మీటర్లకూ మొదటిసారి గాలిలోకి వస్తాడు. నాలుగోవాడు ఉంటే స్ప్రింటర్ వెనక నిలుస్తాడు. స్ప్రింటర్ దూకగానే అతను కావాలనే ఒక సైకిల్ జాగా వదిలేస్తాడు, వెనకనుంచి వచ్చే ప్రత్యర్థికి ఆ వీల్ దొరక్కుండా. కాగితం మీద ఇంతే. రోడ్డు మీద మొదటివాడు ఉద్వేగంలో ఒక్కసారిగా వేగం పెంచి తన స్ప్రింటర్నే వదిలేసి పోవడం అమెచ్యూర్ రేసుల్లో సర్వసాధారణం. అందుకే కలిసి సాధన చేసే జట్లు రెండు మూడు పొట్టి మాటలు పెట్టుకుంటాయి. ‘ఉన్నా’ అంటే నీ వెనకే ఉన్నానని. ‘ఆగు’ అంటే వీల్ జారిందని. ‘పో’ అంటే ఇక నీ ఇష్టమని. గంటకు యాభై అరవై కిలోమీటర్ల వేగంలో, చెవుల్లో గాలి హోరులో, అంతకన్నా పెద్ద వాక్యం వినిపించదు.

ఇవన్నీ తెలిసిన జట్లు కూడా ఒక చోట తడబడతాయి. ఒకే రంగు జెర్సీ వేసుకున్నవాళ్లు తమవాడినే తరిమి పట్టుకొస్తారు. దురుద్దేశంతో కాదు. ముందుకు పోయిన ముగ్గురిలో తమవాడున్నాడని చూడరు, లేదా ఉన్నాడని తెలిసీ రక్తం వేడెక్కి ఆగలేరు. అమెచ్యూర్ రేసుల్లో చెవిలో రేడియో ఉండదు, వెనక జట్టు కారు ఉండదు. ముందెవరున్నారు, ఎంత దూరంలో ఉన్నారు అన్నది కళ్లతో చూసి, నోటితో చెప్పుకుని తెలుసుకోవాల్సిందే. ఆ సమాచారం తప్పితే ఏమవుతుందో ప్రపంచమంతా ఒకసారి చూసింది.

టోక్యోలో నలుగురు, ఒక్కరు

2021 జులై 25. టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్ రేసు, 137 కిలోమీటర్లు. నెదర్లాండ్స్ నుంచి నలుగురు బరిలో ఉన్నారు. 2012 ఒలింపిక్ విజేత మరియానే వోస్, 2016 ఒలింపిక్ విజేత అన్నా వాన్ డెర్ బ్రెగెన్, వాళ్లతో అన్నెమీక్ వాన్ వ్లూటెన్, డెమీ వాలెరింగ్. అంత బలమైన జట్టు ఆ రోజు మరొకటి లేదు. ఆస్ట్రియా నుంచి వచ్చింది ఒక్కరే. పేరు అన్నా కీసెన్‌హోఫర్. వయసు 30. గణితంలో డాక్టరేట్ చేసి, స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో పరిశోధన చేస్తుండేవారు. 2017లో కొద్దికాలం ఒక ప్రొఫెషనల్ జట్టులో ఉండి వదిలేశారు. టోక్యో నాటికి ఏ ప్రొఫెషనల్ జట్టుతోనూ ఒప్పందం లేదు. సాధన, ఆహారం, ఎత్తుగడ, అన్నీ సొంత ప్రణాళికే.

జెండా ఊపగానే ఆమె ముందుకు దూకారు. దక్షిణాఫ్రికాకు చెందిన కార్లా ఓబర్‌హోల్జర్, నమీబియాకు చెందిన వెరా లూసర్, పోలండ్‌కు చెందిన అన్నా ప్లిఖ్టా, ఇజ్రాయెల్‌కు చెందిన ఓమర్ షపీరా జతకలిశారు. తనకు జట్టు లేని రైడర్ వేరే దేశాలవాళ్లతో అక్కడికక్కడే జట్టు కట్టుకున్నారన్నమాట. వెనక గుంపు వాళ్లను పట్టించుకోలేదు. మధ్య దూరం పది నిమిషాలు దాటింది.

ఓబర్‌హోల్జర్, లూసర్ ముందుగా వెనకబడ్డారు. ఇంకా సుమారు 40 కిలోమీటర్లు ఉండగా కాగొసాకా కనుమ ఎక్కుతూ కీసెన్‌హోఫర్ మిగిలిన ఇద్దరినీ వదిలి ఒంటరిగా సాగిపోయారు. వెనక గుంపు ఆలస్యంగా మేల్కొని, ముగింపుకు కొద్ది కిలోమీటర్ల ముందు షపీరాను, ప్లిఖ్టాను పట్టుకుంది. వాళ్ల ముందు ఇంకొకరున్నారన్న సంగతి గుంపులో చాలామందికి తెలియదు. ఒలింపిక్స్‌లో చెవి రేడియోలకు అనుమతి లేదు. వాన్ వ్లూటెన్ చివర్లో దాడిచేసి ఫూజీ స్పీడ్‌వేలోకి వచ్చి, గీత దాటుతూ రెండు చేతులూ పైకెత్తారు. తానే గెలిచానని అనుకున్నట్టు తర్వాత ఆమే చెప్పారు. కీసెన్‌హోఫర్ అప్పటికి 75 సెకన్ల ముందే గీత దాటారు. 1896 తర్వాత సైక్లింగ్‌లో ఆస్ట్రియాకు దక్కిన మొదటి ఒలింపిక్ స్వర్ణం అది.

దీన్ని ఒక ఒంటరి వీరగాథగా చెప్పేవాళ్లే ఎక్కువ. నాకది సగం నిజంగానే కనిపిస్తుంది. కీసెన్‌హోఫర్ దాదాపు వంద కిలోమీటర్లు ఒంటరిగా తొక్కలేదు, పంచుకుని తొక్కారు. గాలి లెక్క తెలిసిన మనిషి ఎప్పుడు కలవాలో, ఎప్పుడు విడిపోవాలో తెలిసి చేసిన పని అది. మరోపక్క నలుగురు మహామహులు ఒకే జెర్సీలో ఉన్నా, ఎవరు తరమాలి, ఎవరు ఆగాలి అన్నది తేలకుండానే సమయం జారిపోయింది. మిగతా జట్లు ‘డచ్చివాళ్లు తరుముతారులే’ అనుకున్నాయి. బలమైన జట్టు ఉన్న ప్రతి ఆదివారం రేసులోనూ ఇదే జరుగుతుంది. అందరూ వాళ్ల వైపు చూస్తారు, వాళ్లేమో ఒకరి వైపు ఒకరు చూసుకుంటారు.

అమెచ్యూర్ రైడర్లకు ఈ రేసు పాఠ్యపుస్తకం. మహిళా రైడర్లకు మరీ. మన దేశపు రేసుల్లో మహిళల విభాగం ఇంకా చిన్నది. ఒక్కో జట్టు నుంచి ఒకరో ఇద్దరో ఉంటారు. జట్టు లేదని వెనక కూర్చోనక్కర్లేదు, దారిలోనే జట్టు దొరుకుతుందని టోక్యో చూపించింది.

జీతం లేని సాయం

ఒకరికొకరు సాయపడటం ఈ ఆటలో మొదటి నుంచీ గౌరవమైన పనేమీ కాదు. టూర్ డి ఫ్రాన్స్ వ్యవస్థాపకుడు ఆన్రీ డెగ్రాంజ్ దృష్టిలో ప్రతి రైడరూ తన బలంతో తానే పోరాడాలి. 1911లో మోరిస్ బ్రొకో అనే రైడర్ మరొకరికి సాయపడుతున్నాడని, అతన్ని ‘పనివాడు’ అని తన పత్రికలోనే ఎద్దేవా చేశాడు. ఇంగ్లండ్‌లో పరిస్థితి మరీ విచిత్రం. అక్కడి సైక్లిస్టుల సంఘం పోలీసుల కోపానికి భయపడి, మామూలు రోడ్ల మీద గుంపు రేసులనే దశాబ్దాల పాటు నిషేధించింది. మిగిలింది టైమ్ ట్రయల్. తెల్లవారుజామున, నల్ల దుస్తుల్లో, ఒక్కొక్కరే గడియారంతో పోటీపడటం. ఒక తరం తర్వాత ఒక తరం ఇంగ్లిష్ అమెచ్యూర్లు పక్కవాడి చక్రం పట్టుకోవడమంటే ఏమిటో రేసులో రుచి చూడకుండానే తొక్కారు. 1942 జూన్ 7న పెర్సీ స్టాలార్డ్ ఆ నిషేధాన్ని ధిక్కరించి, లాంగొలెన్ నుంచి వుల్వర్‌హాంప్టన్ దాకా నలభై మందితో రేసు నడిపించాడు. దారిలో పోలీసులు సహకరించారు. గమ్యం దగ్గర జనం వెయ్యికి పైగా గుమిగూడారు. సంఘం మాత్రం స్టాలార్డ్‌ను బహిష్కరించింది. అతను, అతని మిత్రులు అదే ఏడాది వేరు సంఘం పెట్టుకున్నారు. రెండు సంఘాలూ కలిసిపోవడానికి 1959 దాకా పట్టింది. కలిసి తొక్కే హక్కు కోసం మనుషులు ఇంత పోరాడారని తెలిశాక, జట్టు ఎత్తుగడలను ‘మోసం’ అని కొట్టిపారేసేవాళ్ల మాట నాకు రుచించదు.

సాయానికి ప్రతీకగా ఫ్రాన్స్‌లో ఈనాటికీ చెప్పుకునే పేరు రెనె వియెట్టో. 1934 టూర్‌లో అతనికి ఇరవై ఏళ్లు, మొదటి టూర్. పిరెనీ కొండల్లో జట్టు నాయకుడు ఆంటొనాన్ మాన్యు సైకిల్ చక్రం విరిగితే తన చక్రం తీసిచ్చి, రోడ్డు పక్క గోడ మీద కూర్చుని సాయం కోసం ఎదురుచూశాడు. మర్నాడు మళ్లీ మాన్యుకు ఇబ్బంది వస్తే, దిగుతున్నవాడు వెనక్కి తిరిగి కొండెక్కి సైకిలే ఇచ్చేశాడు. ఆ టూర్ మాన్యు గెలిచాడు. వియెట్టోకు ఐదో స్థానం. ఆ తర్వాత ఎన్నడూ అతను టూర్ గెలవలేదు.

ప్రొఫెషనల్ రేసుల్లో ఇలాంటివాడికి మరుసటి ఏడాది ఒప్పందమైనా ఉంటుంది. అమెచ్యూర్ రేసు కాగితం మీద అతను కనిపించడు. బ్రిటన్‌లో రేసు లైసెన్సు తీసుకున్న కొత్తవాడు నాలుగో కేటగిరీలో మొదలవుతాడు. మూడో కేటగిరీకి ఎక్కాలంటే 12 పాయింట్లు, రెండుకు 40, ఒకటికి 200 కావాలి. అన్నీ తన సొంత స్థానానికి వచ్చే పాయింట్లే. కిలోమీటరు గుర్తు నుంచి 600 దాకా లాగి, కాళ్లు అయిపోయి ముప్పయ్యో స్థానంలో గీత దాటినవాడికి సున్నా. నా మాట వింటే, నిర్వాహకులు ఎక్కడికక్కడ జట్టు పట్టిక కూడా ప్రచురించాలి, మొదటి బహుమతితోపాటు జట్టు బహుమతీ పెట్టాలి. కింది కేటగిరీల్లో జట్టు ఆట కనిపించకపోవడానికి కారణం అక్కడివాళ్లు స్వార్థపరులని కాదు. పాయింట్ల పద్ధతే వాళ్లను ఒంటరిగా తొక్కమంటోంది.

పద్ధతి మారేదాకా జట్లు తమ ఏర్పాట్లు తామే చేసుకుంటాయి. నిలబడిన అమెచ్యూర్ జట్లన్నీ చిట్టీ సూత్రం మీదే నిలబడ్డాయి. నెలనెలా అందరూ కడతారు, ఒక్కో నెల ఒక్కరు పాడుకుంటారు. ఈ రేసు నీది, వచ్చే రేసు అతనిది. మొదటి నెలే పాట ఎత్తుకుని తర్వాత కట్టడం మానేసేవాడు ఒక్కడు చేరితే చిట్టీ మునిగినట్టే, తన గెలుపు రోజు అందరి సాయం తీసుకుని, పక్కవాడి రోజున ‘ఇవాళ కాళ్లు బాగోలేదు’ అనేవాడు జట్టును ముంచుతాడు. అలా విడిపోయిన జట్ల గురించి ఏ రేసింగ్ ఊరికెళ్లినా వినొచ్చు. గొడవ ఎప్పుడూ ఓడిన రేసు గురించి ఉండదు, గెలిచిన రేసు గురించే ఉంటుంది.

వంతు ఎవరిదో నిర్ణయించడంలోనూ ఒక పొరపాటు అలవాటై ఉంది. జట్టులో అందరికన్నా బలమైనవాడినే నాయకుడిగా పెడతారు. చదును దారి రేసులో నాయకుడు కావాల్సింది ఆఖరి రెండు వందల మీటర్లలో వేగమున్నవాడు. బలమైనవాడు గాలిలో ఉండాలి, ఎందుకంటే ఆ పని అతనే చేయగలడు. అతను ఒప్పుకోవాలి మరి. నలభై ఏళ్ల టీమ్ లీడర్ తన ఆఫీసులో కొత్తగా చేరిన పాతికేళ్ల కుర్రాడితో ‘తమ్ముడూ, ఇవాళ నువ్వు నా వెనకే ఉండు, గీత దాకా నేను తీసుకెళ్తా’ అనడమంటే ఆఫీసు మెట్ల వరుసను రోడ్డు మీద తలకిందులు చేసుకోవడమే. ఆ మాట అనగలిగినవాళ్లున్న జట్టు ముందుకెళ్తుంది.

మన రోడ్ల మీద

దక్షిణాదిలో అమెచ్యూర్ రోడ్ రేసులకు బెంగళూరు పెద్ద కేంద్రం. బెంగళూరు బైసికిల్ ఛాంపియన్‌షిప్స్ పేరిట ఏళ్లుగా సాగుతున్న రేసుల్లో ఎన్నో జట్లు తయారయ్యాయి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతూ కాలేజీ రేసుల్లో ఈ ఆట నేర్చుకున్న నవీన్ జాన్ తిరిగొచ్చి టైమ్ ట్రయల్‌లో జాతీయ విజేతగా నిలిచాడు. తెలుగు రాష్ట్రాల్లో సైకిల్ తొక్కేవాళ్లకు కొదవ లేదు. గండిపేట చుట్టూ, అనంతగిరి ఘాట్ మీద, విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కన, ఆదివారం పొద్దున హెల్మెట్ల వరుసలు కనిపిస్తూనే ఉన్నాయి. దూరం తొక్కడం బాగా వచ్చింది. కలిసి రేసు తొక్కడం ఇంకా రావాలి. ఇవి రెండూ వేర్వేరు విద్యలు.

నేర్చుకోవడానికి ఇప్పుడు చోటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబర్‌లో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మీద లారీలు రావు, కుక్కలు అడ్డంపడటం తక్కువ. పిల్లలు, కొత్తవాళ్లు రాకముందే చేరుకుని నలుగురు వరుసకట్టి, ముందువాడు నిమిషం లాగి పక్కకు తప్పుకుని తోకలో చేరడం సాధన చేయొచ్చు. చూడటానికి తేలిక. వంతు అందుకున్నవాడు వేగం పెంచకుండా ఉండటమే ఇందులో అసలు విద్య. కొత్తవాడు ముందుకు రాగానే తన బలం చూపించాలనుకుని రెండు కిలోమీటర్లు పెంచుతాడు. అప్పుడే పక్కకు తప్పుకుని తోకలో చేరబోతున్న అలసిన మనిషికి చివరి చక్రం అందదు. అలా ఒక్కొక్కరే రాలిపోతారు.

మన రేసులకు మన నిబంధనలు, మన చిక్కులు. రోడ్డు పూర్తిగా మూసే అనుమతి అరుదు కాబట్టి తెల్లవారగానే మొదలై, వాహనాలు పెరిగేలోపు ముగియాలి. మధ్య గీత దాటినవాడికి అనర్హత. ఇది భద్రత కోసం పెట్టిన నిబంధనే అయినా, ఎత్తుగడను మార్చేస్తుంది. పక్కగాలి వీస్తుంటే రైడర్లు రోడ్డుకు అడ్డంగా, ఏటవాలు వరుసలో ఒకరి పక్క నీడలో ఒకరు సర్దుకుంటారు. సగం రోడ్డులో ఆ వరుసకు నలుగురైదుగురికే చోటు. ఆరోవాడి నుంచి అందరూ రోడ్డు అంచున, నేరుగా గాలిలో, ఒకరి వెనక ఒకరు వేలాడాలి. అంటే గాలి తిరిగే మలుపు ఎక్కడుందో ముందు రోజే చూసుకుని, దానికి కిలోమీటరు ముందే నలుగురినీ ముందు వరుసకు చేర్చిన చిన్న జట్టు, పది మంది జట్టును ఒక్క దెబ్బతో రెండు ముక్కలు చేయగలదు. పంటపొలాల మధ్య, చెట్లు లేని సరళ రేఖ దారి కనిపిస్తే దాన్ని గుర్తుపెట్టుకోవాలి.

తిండి సంగతి చాలా జట్లు తేలిగ్గా తీసుకుంటాయి. గట్టిగా తొక్కే రైడర్‌కు గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఖరీదైన జెల్ ప్యాకెట్లే అక్కర్లేదు. అరటిపండు, ఖర్జూరం, పల్లీ చిక్కీ జెర్సీ వెనక జేబులో పడతాయి. అయితే తినడం కూడా జట్టు పనే. కొండ మొదలవడానికి పావుగంట ముందు ‘తిన్నావా?’ అని అడిగే బాధ్యత ఒకరికి అప్పగించాలి. రేసు వేడిలో ఆకలి తెలియదు. తెలిసేసరికి కాళ్లు ఆగిపోతాయి.

రేసయ్యాక టిఫిన్ దగ్గర కూర్చున్నప్పుడు జరగాల్సింది ఇంకోటుంది. ఎవరు ఏ కిలోమీటరులో ఏం చూశారు, ఎవరికి ఎప్పుడు ఏం తెలియలేదు అన్నది కాగితం మీద పెట్టాలి. గెలిచినవాడు ముందు వినాలి, తర్వాత మాట్లాడాలి. చివరి కిలోమీటరు దాకా దాక్కుని వచ్చినవాడికి రేసులో సగం కనిపించదు. మొదటి గంటంతా దాడులకు బదులిచ్చి పడిపోయినవాడికే అది పూర్తిగా కనిపిస్తుంది. ప్రొఫెషనల్ రేసుల్లో టూర్ విజేత తన బహుమతి డబ్బును జట్టుకు పంచే సంప్రదాయం ఉంది. మన రేసుల బహుమతి పెట్రోలుకూ టోలుకూ సరిపోతే గొప్ప. అయినా అది జట్టు డబ్బాలోనే పడాలి, ట్యూబులకో టైర్లకో పనికొస్తుంది. అప్పుడే తర్వాతి వంతు తేల్చేయాలి. వచ్చే నెల రేసు కొండ దారిలో ఉంటే వంతు కొండవాడిది. ఇవాళ గెలిచిన స్ప్రింటర్ ఆ రోజు జేబుల్లో అదనంగా రెండు నీళ్ల సీసాలు పెట్టుకుని, కొండ మొదలయ్యేదాకా గాలిలో ఉంటాడు.